అదనపు సమయం ఎవరిది?

(శ్రీ పరాభవ నామ సంవత్సర ఉగాది సభలో చేసిన ప్రసంగము)



ఈ యేటి పేరు పరాభవ అని పంచాంగ పఠనంలో వినగానే వెనుక వరుసలో కొందరు మొగం చిట్లించారు. పేరుదేమున్నది లెండి. అరవై యేళ్ళకొకసారి దాని వంతు దానికి వస్తుంది. ఇదే పేరు ఇంతకుముందు 1966లో వచ్చింది. ఆ సంవత్సరంతో నాకీ సాయంత్రం కొంచెం పని ఉన్నది.

నేను బుకింగ్ ఆఫీసు గుమాస్తాను. చదువు మెట్రిక్‌తో ఆగింది. నా కిటికీ దగ్గర రోజుకు ఎన్నిసార్లో వినబడే మాట, "బాబూ, ఇంకా టైమున్నదా?" అన్నది. బండి ఉన్నదా అని అడిగేవారు తక్కువ. టైమున్నదా అని అడిగేవారే ఎక్కువ. అందుచేత కార్యదర్శిగారు నీకు తెలిసినది ఏదైనా మాట్లాడవోయ్ అన్నప్పుడు నాకు తోచిన విషయం ఇదే. ఆటలో ఇచ్చే అదనపు సమయం, పంచాంగంలో వచ్చే అధికమాసం, ఆఫీసులో ఓవర్‌టైము, ఇంట్లో పేరు లేని చాకిరీ, ఇవన్నీ ఒక గోత్రానివేనా, కావా అని నేను చాలాకాలంగా ఆలోచిస్తున్నాను.

ముందు ఆట సంగతి. మన ఇన్‌స్టిట్యూట్‌లో టీవీ ముందు కూర్చొని ఫుట్‌బాల్ చూసే కుర్రవాళ్ళు రెండు వేర్వేరు వస్తువులను ఒకే పేరుతో పిలుస్తూ ఉంటారు. తొంభై నిముషాలు నిండిన తరువాత రెఫరీ ఇంకొక నాలుగైదు నిముషాలు ఆడిస్తాడు గదా, అది అదనపు సమయం కాదు. అది పోయిన సమయం. ఒకడు దెబ్బ తగిలి పడిపోయాడు, డాక్టరు వచ్చాడు. ఒక ఆటగాణ్ణి దింపి ఇంకొకణ్ణి ఎక్కించారు. గెలుస్తున్న జట్టువాడు బంతి తేవడానికి పెళ్ళినడక నడిచాడు. గడియారం మాత్రం ఎవరికొరకూ ఆగలేదు. అలా కరిగిపోయిన నిముషాలను రెఫరీ లెక్కపెట్టుకొని చివర తిరిగి ఇస్తాడు. అది బాకీ తీర్చడమే గాని దానం కాదు.

ఈ నియమం ఎట్లా వచ్చిందన్నదానికి ఒక కథ చెప్పుకుంటారు. 1891లో ఇంగ్లండులో స్టోక్, ఆస్టన్ విల్లా జట్లు ఆడుతున్నవి. విల్లా ఒక గోలు ముందున్నది. ఇక రెండు నిముషాలున్నదనగా స్టోక్‌కు పెనాల్టీ దొరికిందట. విల్లా గోలీ చూశాడు, బంతినెత్తి మైదానం అవతలకు తన్నివేశాడట. వెదికి తెచ్చేసరికి ఆట కాలం పూర్తి! ఇటువంటి గడుసుతనాలు పడలేకనే పోయిన నిముషాలు కలపాలన్నారని అంటారు. ఎన్ని నిముషాలు కలుపుతున్నదీ చాలాకాలం రెఫరీ మనసులోనే ఉండేది. 1998లో ఫ్రాన్సులో జరిగిన ప్రపంచకప్పు నుండి దానిని పలకమీద అంకె వేసి అందరికీ చూపించడం అలవాటయింది. 2022లో కతార్ ప్రపంచకప్పులో ఇంగ్లండు, ఇరాన్ ఆట మొదటి సగానికే 14 నిముషాలు కలిపారు. ఇరాన్ గోలీ తలకు దెబ్బ తగిలి ఆట చాలాసేపు ఆగింది మరి. ఇదేమి చోద్యమని చాలామంది విసుక్కున్నారు. నాకు మాత్రం ముచ్చట వేసింది. క్యాషు లెక్కలో అర్ధరూపాయి తగ్గితే మమ్మల్ని కదలనివ్వరు గదా, నిముషానికి మాత్రం ఆ మర్యాద ఎందుకుండకూడదు?

అసలైన అదనపు సమయం వేరు. అక్కడ ఎవరి నిముషాలూ పోలేదు, అందరూ పూర్తిగానే ఆడారు, అయినా విషయం తేలలేదు. కప్పు ఒకరికే ఇవ్వాలి. అప్పుడు పదిహేను నిముషాలకు మించని రెండు సమభాగాలు ఆడిస్తారు. కోర్టువారిచ్చే వాయిదా వంటిది. ఇందులో ఆటగాడికి తిరిగి వచ్చేదేమీ లేదు, ఒంట్లో మిగిలినదానిలోనుండి ఇంకా ఇవ్వవలసి ఉంటుంది.

ఇప్పుడు 1966కు వస్తాను. ఆ సంవత్సరం జూలై 30న లండన్ వెంబ్లీలో ఇంగ్లండు, పశ్చిమ జర్మనీ ప్రపంచకప్పు ఫైనల్ ఆడినవి. ఇంగ్లండు 2-1తో గెలిచినట్లే ఉన్నది. 89వ నిముషంలో వెబర్ అనే జర్మనుడు గోలు చేసి సమం చేశాడు. అదనపు సమయంలో జెఫ్ హర్‌స్ట్ కొట్టిన బంతి పై కడ్డీకి తగిలి క్రిందపడింది. గీత దాటిందా లేదా అన్నది ఈనాటికీ వాదులాడుకుంటూనే ఉన్నారు. చివరి నిముషంలో అతడే మరొకటి కొట్టి 4-2 చేశాడు. ఆ రోజు మన పంచాంగం తీసి చూస్తే అధిక శ్రావణమాసం! ఆడినవారికి ఆ సంగతి తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. నాకు మాత్రం పాత పంచాంగం ముందు వేసుకొని కూర్చున్నప్పుడు నవ్వు వచ్చింది. ఇక్కడ నెలకు నెల అదనం, అక్కడ అరగంట అదనం.

ఈ పరాభవలో కూడ అధికమాసం ఉన్నది. 2026 మే 17 నుండి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం, ఆ తరువాత నిజ జ్యేష్ఠం. మన పెద్దలు కట్టిన లెక్క ఇది. చంద్రుని పన్నెండు నెలలకు 354 రోజులు. సూర్యుని ఏడాదికి 365 రోజులపైన కాస్త. ఏటా పదకొండు రోజుల తేడా. దానిని అట్లాగే వదిలివేస్తే కొన్నేళ్ళకు మన సంక్రాంతి ముగ్గులు పుష్యంలో పడవు, ఉగాదికి వేపపువ్వు దొరకదు. కనుక సుమారు రెండేళ్ళ ఎనిమిది నెలలకొకసారి ఒక నెల కలుపుతారు. పందొమ్మిదేళ్ళలో ఏడు అధికమాసాలు. అనగా పంచాంగకర్త చేసే పని వాయిదా వేసే పని కాదు, పలకమీద అంకె వేసే రెఫరీ పనే. పోయిన రోజులకు లెక్క చెప్పి తిరిగి జమ కడుతున్నాడు.

కాని ఆ జమ అందరికీ ఒక్కతీరుగా అందలేదు. "కరువులో అధికమాసం" అని మన సామెత. ఆ మాట అన్నది పంచాంగం వ్రాసినవాడు కాదని నా గట్టి నమ్మకం. గాదె అడుగున గింజలు చేత్తో తడిమి చూసుకున్న ఇల్లాలు ఎవరో అని ఉంటుంది. ఉగాది నుండి ఉగాదికి ఏడాది గ్రాసానికి కుదిరిన పాలేరుకు ఆ నెల పదమూడవ నెల చాకిరీ. గ్రాసం మాత్రం అదే. చంద్రునికీ సూర్యునికీ నడుమ బాకీ తీరిందిగాని, దానికి తవ్వెడు గింజలు ఎవరి చేటలోనుండి పోయినవన్నది పంచాంగంలో కనబడదు.

మనకు నలభై నాలుగు కిలోమీటర్ల దూరంలోనే దీనికి ఇంకొక ముఖమున్నది. అధికమాసంలో మనవారు పెళ్ళి చేయరు, గృహప్రవేశం చేయరు. పూరీలో అధిక ఆషాఢం వచ్చిన సంవత్సరాలలోనే నవకళేబరం జరిపే ఆచారం. జగన్నాథస్వామికి, బలభద్రునికి, సుభద్రకు, సుదర్శనానికి కొత్త దారువుతో కొత్త విగ్రహాలు. 1950, 1969, 1977, 1996, చివరకు 2015. మామూలు సంవత్సరంలో స్నానపూర్ణిమ తరువాత స్వామి చాటున ఉండేది పదిహేను రోజులు. ఆ కొద్ది రోజులలో అంత పని తెమలదు. అధికమాసం కలిసినప్పుడు నలభై అయిదు రోజులు దొరుకుతవి. ఆ వ్యవధిలో విగ్రహాలు తయారవుతవి, పాతవానికి కోయిలీ వైకుంఠంలో భూస్థాపన జరుగుతుంది. 2015లో రథయాత్ర జూలై 18న వచ్చింది. నేనప్పుడు ఉద్యోగంలో కొత్త. మన జట్నీ స్టేషను ప్లాట్‌ఫారాలమీద ఇసుక వేస్తే రాలేదు. కాలనీలో ఎవరూ సెలవు మాట ఎత్తలేదు. ఏ పనికొరకు ఆ కాలం కలిసిందో ఆ పని అందరికీ తెలుసు, ఏ రోజుకు ముగుస్తుందో కూడ తెలుసు. అటువంటప్పుడు అలసట అలసటగా ఉండదని ఆనాడు కాలనీలో ఎవరిని చూసినా తెలిసేది.

హాకీ గురించి చెప్పకపోతే ఒడిశాలో ఉండి ప్రయోజనం లేదు. 1973లో హాలండులోని ఆమ్‌స్టెల్‌వేన్‌లో ప్రపంచకప్పు ఫైనల్. మనవాళ్ళు ఆరంభంలోనే రెండు గోలులు కొట్టారు. హాలండువారు రెండూ తీర్చివేశారు. అదనపు సమయంలో మనకొక పెనాల్టీ స్ట్రోకు దొరికింది. అది గోలయితే కప్పు మనదే. కాలేదు. తరువాత టైబ్రేకరులో 4-2తో పోగొట్టుకున్నాము. రెండేళ్ళ తరువాత 1975లో కౌలాలంపూరులో సెమీఫైనల్, ఎదుట మలేసియా, వారి గడ్డమీద వారి జనం మధ్య. ఒక గోలు వెనకబడి, ఆట ముగింపుకు వస్తున్నప్పుడు అస్లాం షేర్‌ఖాన్‌ను దింపారు. అతడు పెనాల్టీ కార్నరులో సమం చేశాడు. అదనపు సమయంలో హర్‌చరణ్‌సింగ్ గోలు కొట్టాడు, 3-2. ఫైనల్లో పాకిస్తానును 2-1తో ఓడించి కప్పు తెచ్చారు. అదనపు సమయం ఒకసారి చేతికి ఇచ్చినట్లే ఇచ్చి తీసుకున్నది, ఇంకొకసారి పోయిందనుకున్నదానిని ఇచ్చింది. అది మంచిదీ కాదు, చెడ్డదీ కాదు.

ఇప్పుడు హాకీలో ఆ ముచ్చటే తీసివేశారు. నాలుగు పదిహేనులు అరవై నిముషాలు, సమమైతే నేరుగా షూటౌట్, ఒక్కొక్కరికి ఎనిమిది సెకన్లు. 2023 జనవరి 22న భువనేశ్వర్ కళింగ స్టేడియంలో న్యూజీలండుతో మనవాళ్ళు 3-3 సమంగా ఆడి షూటౌట్‌లో 5-4తో ఓడిపోయారు. కాలనీ నుండి వెళ్ళినవారు తిరుగుబండిలో ఒక్క మాట మాట్లాడలేదు. ఇంకొక పావుగంట ఆడనిచ్చి ఉంటే అన్నవారికి నా జవాబు: ఆటగాళ్ళ కాళ్ళనడగండి. రోజు విడిచి రోజు ఆడించే పోటీలలో ఆ పావుగంట వారి మోకాళ్ళలోనుండే రావాలి. ఫుట్‌బాల్‌వారు కూడ కొన్నాళ్ళు, ముందు గోలు కొట్టినవారిదే గెలుపు అని గోల్డెన్ గోల్ పద్ధతి పెట్టారు. ఆట త్వరగా ముగుస్తుందనుకున్నారు. తీరా చూస్తే ఒక్క గోలు పడితే చచ్చామన్న భయంతో అందరూ గోలుముందే కాపలా కాసుకొని కూర్చున్నారు. 2004 తరువాత దానిని మానుకున్నారు. 2022 డిసెంబరు 18న అర్జెంటీనా, ఫ్రాన్సు ఫైనల్ చూడండి. అదనపు సమయంలో 108వ నిముషంలో మెస్సీ గోలు, 118వ నిముషంలో ఎంబాపే గోలు, 3-3. 120 నిముషాలు దాటిన తరువాత, అనగా అదనపు సమయంలో పోయిన సమయాన్ని కలిపిన ఆ రెండు మూడు నిముషాలలో, అర్జెంటీనా గోలీ మార్టినెజ్ కాలు చాచి ఆపిన బంతే కప్పు నిలిపింది. అదనానికి కూడ బాకీ ఉంటుందన్నమాట!

మా రైల్వేవారి దగ్గర మూడవ రకం ఒకటున్నది. టైంటేబిల్ తిరగవేసే అలవాటున్నవారు గమనించే ఉంటారు. చివరి స్టేషనుకు ముందు స్టేషన్ నుండి గమ్యానికి బండికి నలభై నిముషాలు వేసి ఉంటుంది. అదే బండి తిరుగు ప్రయాణంలో ఆ దూరాన్ని పదిహేను నిముషాలలో దాటుతుంది. ఇదేమి మాయ అని నా కిటికీ దగ్గర అడుగుతారు. మాయ కాదండీ. దారిలో పట్టాల పని ఉంటుంది, కాషన్ ఆర్డరు ఉంటుంది, ఎదురుబండి కొరకు ఆగాలి. దానికొరకు ఇంజనీరింగ్ అలవెన్సు, ట్రాఫిక్ అలవెన్సు అని కొన్ని నిముషాలు ముందుగానే పక్కన పెడతారు. ఇంట్లో పోపులపెట్టెలో ఇల్లాలు దాచిన డబ్బువంటిది. దారిలో ఖర్చయితే బండి సమయానికి చేరుతుంది, ఖర్చు కాకపోతే అవుటర్ సిగ్నలు దగ్గర నిలబడి ఈల వేస్తుంది. లోపల కూర్చున్నవారు డ్రైవరును తిడతారు. పాపం, అతనిదేమున్నది.

ఇక బండి రెండు గంటలు ఆలస్యమయినప్పుడు ప్రయాణికుని రెండు గంటలు ఏ పలకమీదా అంకె వేసి తిరిగి ఇవ్వరు. కాని ఆ కాలాన్ని వాడుకున్నవారున్నారు. మా నాన్నగారు పాయింట్స్‌మన్‌గా శ్రీకాకుళం వైపునుండి ఇక్కడకు బదిలీ అయి వచ్చిన కొత్తలో, బండ్ల కొరకు కాచుకొని ఉన్న వేళల్లో, స్టేషను పేరు బోర్డుమీద హిందీ అక్షరం పక్కన ఒడియా అక్షరం పెట్టి చూసి ఒడియా చదవడం నేర్చుకున్నారు. ఆయనకు తెలిసిన మొదటి ఒడియా మాట "ఖోర్ధా". బడిలో మాకు ఒడియా పాఠం చెప్పింది ఆయనే. ఆ అక్షరాలు అన్నీ ఆలస్యపు బండ్లు ఇచ్చినవే.

ఓవర్‌టైము సంగతి కార్మిక సోదరులందరికీ తెలిసిందే. రోస్టరు గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు, చట్టం చెప్పిన హద్దు కూడ దాటితే రెండింతలు అన్నది మా రైల్వే నిబంధన. 1948 ఫ్యాక్టరీల చట్టం కూడ రెట్టింపు కూలి అన్నది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కొత్త కార్మిక స్మృతిలోను ఆ రెట్టింపు మాట నిలిచింది. ఎందుకు రెట్టింపు? ఎనిమిదవ గంటకూ తొమ్మిదవ గంటకూ గడియారంలో తేడా లేదు, మనిషిలో ఉన్నది. ఆ సంగతి చట్టం చేసినవారు గుర్తించారు. ఇంతవరకు న్యాయమే.

కాని, తల్లులారా, ఇక్కడే నాకొక సందేహం. నైట్‌డ్యూటీ ఎనిమిదింటికి ముగియవలసినవాడు పదకొండింటికి ఇల్లు చేరితే, ఆ మూడు గంటలు జీతం చీటీమీద అతని పేరున పడతవి. అదే మూడు గంటలు ఇంట్లో ఒకామె టిఫిను రెండుసార్లు వేడి చేసింది. పిల్లవాణ్ణి బడికి దింపవలసిన మనిషి రాలేదు గనుక తానే పరుగెత్తింది. ఆయన పడుకుంటే చప్పుడు కాకుండా గిన్నెలు తోమింది. ఓవర్‌టైము ఇద్దరు చేశారు, సంతకం ఒకరు పెట్టారు. ఆటలో ఎంత అలసినా ఒక ఈల ఉన్నది. నూట ఇరవయ్యో నిముషం దాటాక రెఫరీ ఊదుతాడు, అక్కడికి సరి. ఇంటిపనికి ఆ ఈల ఊదేవారు ఎవరు? రాత్రి పదిన్నరకు గ్యాసుపొయ్యి తుడిచి లైటు తీయబోతుంటే "కాస్త మజ్జిగ ఉన్నదా" అని ముందుగదిలోనుండి ఒక కేక వినబడుతుంది. ఆ కేక వేయని ఇల్లు ఈ సభలో ఉంటే చేయి ఎత్తవచ్చును. ఎవరూ ఎత్తలేదు. పోనీయండి.

రిటైరయినవారి పాట్లు ఇంకొక తీరు. మన కాలనీలో గార్డుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్న పెద్దాయన ఒకరున్నారు. పేరు చెబితే కోప్పడతారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళు ఇంట్లో ఆయనకు ఒక పనీ చెప్పలేదు. రిటైరయిన మర్నాటినుండి కరెంటు బిల్లు, మనవడి బడి, కోడలి బ్యాంకు పని, ఎదురింటివారి గ్యాసు బండ, అన్నీ ఆయనకే. అందరిదీ ఒకటే మాట: "మీకు ఖాళీయే గదా మామయ్యగారూ." ఒకనాడు ఆయన నాతో, "ఒరేయ్, నలభై యేళ్ళు దాచుకున్న నా ఖాళీ అంతా మీ అందరికీ ఎక్‌స్ట్రా టైమయిపోయిందిరా" అన్నారు. నవ్వుతూనే అన్నారు. కాని చేతిలో ముగ్గురి రేషను కార్డులున్నవి.

ఇంత చెప్పి మన సంఘం మాట దాటవేస్తే సభ్యత కాదు. ఆదివారం తెలుగు తరగతి మొదలయినప్పుడు చాపలు చాలక ఇళ్ళనుండి దుప్పట్లు తెచ్చాము. ఇప్పుడు పరచిన చాపలలో ఒకటి మిగిలిపోతున్నది. పిల్లలకు తెలుగుమీద ప్రేమ లేదని, అంతా ఇంగ్లీషు పిచ్చి అని కొందరు పెద్దలన్నారు. నేను ఒప్పుకోను. ఆ పిల్లల వారం చూడండి. బడిలో ఒడియా, హిందీ, ఇంగ్లీషు, సాయంత్రం ట్యూషను, శనివారం పరీక్ష. మిగిలిన ఒక్క ఆదివారంలోనుండి మనం తెలుగుకు కాలం అడుగుతున్నాము. అడగడం తప్పు కాదు. కాని ఆ తరగతి తొమ్మిదిన్నరకు అని పేరే గాని పెద్దలు వచ్చినప్పుడు మొదలవుతుంది. చెప్పేవారికి ఉత్సాహమున్నంతసేపు సాగుతుంది. మధ్యలో ఒకరు వచ్చి మాతృభాష గొప్పతనంమీద ఉపన్యసిస్తారు. కిటికీ బయట స్నేహితుడు బ్యాటు పట్టుకొని నిలబడి ఉంటాడు. ఎప్పుడు ముగుస్తుందో తెలియని అరగంట పిల్లవానికి రోజంత పొడుగు. ఈలలేని ఆట ఎవరాడతారు?

చెప్పే తల్లుల సంగతి కూడ ఆలోచించాలి. ఆదివారం ఉదయం ఇంట్లో ఇడ్లీ వేసి, చారు పెట్టి, పరుగున వచ్చి "అ ఆ"లు దిద్దిస్తున్నారు. తిరిగి వెళ్ళి మధ్యాహ్నం వంట. వారికి ఓవర్‌టైము చీటీ ఏ సంఘమూ ఇవ్వలేదు.

అందుచేత నేను కార్యవర్గానికి వ్రాసి ఇచ్చినది ఇదే, సభకు కూడ చదివి వినిపిస్తున్నాను. తరగతి తొమ్మిదిన్నర నుండి పది వరకు. ఒక్కరు వచ్చినా తొమ్మిదిన్నరకు మొదలు. పాఠం సగంలో ఉన్నా పది గంటలకు గంట. ఉపన్యాసాలుండవు. గంట కొట్టే పని గార్డుగారిది, ఆయన ఒప్పుకున్నారు, ఆకుపచ్చ జెండా కూడ తెస్తానన్నారు. పాఠం చెప్పే నలుగురు తల్లుల ఇళ్ళల్లో ఆ పూట టిఫిను మగవారు చేయాలి. ముగ్గురు సరేనన్నారు. నాలుగవ ఆయన ఉప్మా ఎట్లా చేయాలో కనుక్కొని చెబుతానన్నారు.

వచ్చే ఆదివారంనుండి మొదలు. పలకలు సంఘమే ఇస్తుంది, పిల్లలను పంపితే చాలును. కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు.